అవ్వ ఏరిన బొమికలు

పోయిన నెల శైలజ మా ఇంటికి వచ్చింది. కోయిలకుంట్లలో బస్సెక్కి, నంద్యాలలో దిగి, ఆటో అతనితో గొడవపడి, మూడో అంతస్తు మెట్లన్నీ ఎక్కి వచ్చి నా సోఫాలో కూలబడింది. ఇద్దరికీ అరవై దాటాయి. మంచినీళ్ళు తాగి, కాసేపు ఆయాసం తీర్చుకుని, చేతిసంచిలోంచి మాత్రల డబ్బా తీసింది. ఎర్రటి గొట్టం మాత్ర ఒకటి తీసి, రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని మెల్లగా మెలితిప్పింది. మాత్ర రెండుగా విడిపోయింది. లోపలి పొడిని చెంచాలోకి దులిపి, "కొంచెం తేనె ఉంటే ఇయ్యి సలోమీ" అంది. ఖాళీ పొట్టును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. నేను తేనెసీసా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ మెలితిప్పడం నాకు తెలుసు. అది మా అవ్వ నేర్పిన పని.

మా అవ్వ పేరు దీనమ్మ. నాయనకు అమ్మ. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పొలాల్లో, వంకల్లో ఎముకలు ఏరి అమ్మేది. ముప్పై ఏళ్ళు బడిపంతులమ్మగా చేసి రిటైరైన నేను ఈ మాట అచ్చులో పెడితే మా చుట్టాల్లో కొందరికి మొహం మాడుతుంది. మాడనీ. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "అవ్వ కూలికి పోయేది" అని చెప్పమంటారు నన్ను. కూలికి ఎందుకు పోతుంది? ఆమె ఎవరి కిందా పని చెయ్యలేదు. తెల్లారగానే గోనెసంచి భుజాన వేసుకుని, చేతిలో చిన్న ఇనుపకొంకి పట్టుకుని బయల్దేరేది. ఊరి బయట చచ్చిన పశువులను వేసే చోట, గద్దలూ కుక్కలూ తమ పని ముగించుకుని, ఎండ కూడా తన పని ముగించాక, తెల్లబడ్డ ఎముకలను ఏరుకొచ్చేది. మా సీమలో వాటిని బొమికలంటారు. ఇంటి వెనక కంచె పక్కన కొమ్ములు ఒక కుప్ప, గిట్టలు ఒక కుప్ప, బొమికలు ఒక కుప్ప. ఎండినవి అసలు వాసన రావు. వాన పడితే మాత్రం తడిసి ఒక ముక్కిన వాసన కొట్టేవి. "వానకు బొమికలు మళ్ళా లేస్తాయి మ్మే" అని నవ్వేది అవ్వ. నాయన బడిలో అయ్యవారయ్యాక "ఇంక మానెయ్యిమ్మా" అని ఎన్నిసార్లు బతిమాలాడో లెక్కలేదు. "నువ్వు సదువుకున్నిది ఈ బొమికలతోనే గదప్పా. ఇప్పుడు నీకు కంపు కొడ్తాండాయా?" అనేది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది చెప్తే అప్పుడూ ఎవరూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మరేమో. మా ఇంట్లో మాంసం ముట్టనిది అవ్వ ఒక్కతే. వ్రతం కాదు, మొక్కు కాదు, పాస్టరుగారు చెప్పిందీ కాదు. "పొద్దంతా వాటితోనే ఉంటా. మళ్ళా కంచంలోకి గూడా అవేనా? నా వల్ల కాదు పో" అనేది. సంచి దించగానే చేతులు బూడిదతో రుద్ది, మళ్ళీ సీకాయతో రుద్ది, తలమీంచి నీళ్ళు పోసుకుని, ఉతికిన కోక కట్టుకుంటే గాని పొయ్యి దగ్గరికి పోయేది కాదు. ఆ పొయ్యి కూడా ఆమెదే, పెరట్లో పందిరి కింద వేరుగా ఉండేది. దానిమీద నల్లటి రాతిసట్టి. ఆదివారం ప్రార్థన అయి వచ్చాక ఇంట్లో అమ్మ మాంసం కూర పొయ్యిమీద పెడితే, అవ్వ పెరట్లో తన సట్టిలో గోంగూర పప్పు ఎనుపుకునేది. ఆ కూర గరిటె పొరపాటున ఈ సట్టిలో పెట్టామా, ఆ పూట మాకు తిట్లే. పప్పులోకి వెల్లుల్లి కాల్చి వేసేది. ఆ వాసన వస్తే ఇంట్లో మాంసం కూర తింటున్న మేమూ కంచాలు ఎత్తుకుని పెరట్లోకి పోయేవాళ్ళం.

మేముండే ఇల్లు అద్దెది. ఇంటివాళ్ళు మా పక్కనే పెద్దింట్లో ఉండేవాళ్ళు. శైలజ ఆ ఇంటి పిల్ల. ఆమె నాయన శివప్ప, ఆయన తల్లి మల్లమ్మ. శనగ, వరి బాగా పండించే పాత రైతు కుటుంబం. వాళ్ళ ముత్తాత ఎవరో శ్రీశైలంలో మొక్కుకుని నీసు మానేశాడట. అప్పటినుంచి ఆ ఇంటి గడపలోకి కోడిగుడ్డు కూడా రాలేదని మల్లమ్మ గొప్పగా చెప్పేది. చెప్పుకోనీ, తప్పేముంది? నాకు మండేది వేరే సంగతి. పండక్కి అమ్మ మా ఇంట్లో శనగబేడలు ఉడికించి, బెల్లం వేసి, నెయ్యి పోసి ఓళిగలు చేసి వాళ్ళకు పంపేది. వాటిలో నీసన్నది ఎక్కడుంది? అయినా ఆ ఓళిగలు గోడ అవతల బర్రె కుడితి తొట్టిలో తేలడం నేను నా కళ్ళతో చూశాను. మరుసటేడు అమ్మకు తెలివొచ్చి, అంగట్లో బిస్కెట్ పొట్లం కొని పంపింది. అది మాత్రం తీసుకుని మల్లమ్మే తిన్నది. ఆ బిస్కెట్ ఏ కొవ్వుతో చేశారో, ఎవరు పిసికారో ఆమె అడగలేదు. మా చెయ్యి తగలకుండా ఉంటే చాలు.

ఒకసారి అవ్వ నన్ను నంద్యాలకు తీసుకుపోయింది. బొమికలు ముందే లారీలో పోయాయి, మేం బస్సులో పోయాం. రైలు స్టేషను అవతల ఎముకల గోదాము ఉండేది. నా జన్మలో అంత పెద్ద కుప్ప చూడలేదు. అక్కడ కాటా వేసే ఆయన పేరు హుసేను, అవ్వ "హుసేనన్నా" అంటే ఆయన "బోలో దీనమ్మా" అనేవాడు. నేను అడిగాను, ఇవన్నీ ఏం చేసుకుంటారని. ఆయనకు చెప్పడమంటే సరదా. ఎరువు అన్నాడు, గుండీలు అన్నాడు, ఆ తర్వాత జిగురు అన్నాడు. "ఆ జిగురుతో ఏం చేస్తారో తెలుసా పాపా? డాక్టరిచ్చే గొట్టం మాత్ర ఉంటది సూడు, దానికి పైన తొడుగు. పిల్లోళ్ళు తినే జెల్లీ గూడా అదే." నేను నమ్మలేదు. ఆయన జోబులోంచి తాను మింగే జ్వరం మాత్ర తీసి, పొడి దులిపేసి, గ్లాసులోని వేడి టీ కొంచెం సాసరులో పోసి, ఖాళీ తొడుగును అందులో వేశాడు. చూస్తుండగానే మెత్తబడి, వంకర తిరిగి, జిగటగా అయిపోయింది. వేలితో తాకితే తీగ సాగింది. "ఇదో, మీ అవ్వ బొమిక" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఆయనకు ఇంకా ఊపొచ్చింది. హైదరాబాదులో వాళ్ళ మామలు మిఠాయిల మీద అద్దే వెండి రేకు కొట్టే పని చేస్తారట. ఎద్దు పేగు పొరలను పుస్తకంలాగా కుట్టి, పొరకూ పొరకూ మధ్య వెండి ముక్క పెట్టి, పొద్దంతా సుత్తితో బాదుతారట. చక్కెర కూడా బొమికల బొగ్గుతోనే తెల్లబడుతుందన్నాడు గాని, మన మిల్లుల్లో అట్లా కాదని తర్వాత ఒక కెమిస్ట్రీ మేడమ్ చెప్పింది. మాత్ర తొడుగూ, వెండి రేకూ మాత్రం నిజమే.

బస్సులో వచ్చేటప్పుడు నేను కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. అవ్వ మాత్రం నవ్వలేదు. "యాడా అనొద్దు ఈ మాట" అంది. "ఎందుకవ్వా?" "తినేటోళ్ళ నోటికాడ అట్లాంటివి సెప్పగూడదు. కడుపులో తిప్పుతాది. ఉసురు తగుల్తాది." నేను సరేనన్నాను. ఆ సరే నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు వారంలోనే తెలిసింది. శివప్ప కుటుంబం శ్రీశైలం పోయి, దారిలో కొన్న కోవా తెచ్చి పంచింది. ఒక్కో బిళ్ళ మీదా తళతళలాడే వెండి రేకు. మల్లమ్మ నా చేతికి తగలకుండా జానెడు ఎత్తునుంచి ఒక బిళ్ళ నా దోసిట్లో వేసింది. తానూ ఒకటి నోట్లో వేసుకుని, దేవుడి ప్రసాదమని కళ్ళకద్దుకుంది. ఎద్దు పేగు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది నాకు. అవ్వకిచ్చిన మాట అడ్డొచ్చి కోవాతో పాటు మింగేశాను.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా శైలజకు టైఫాయిడ్ వచ్చింది. నంద్యాల డాక్టరు గొట్టం మాత్రలిచ్చి, పత్యం చెప్పాడు. జ్వరం దిగి, ఇంకా మాత్రలు కొన్ని మిగిలి ఉండగానే బడికి రావడం మొదలుపెట్టింది. చేతులు పుల్లల్లాగా అయిపోయాయి. ఇంట్లో గంజి, పాలు తప్ప ఏమీ పెట్టేవాళ్ళు కాదు. ఆకలి, ఆకలి, ఎప్పుడు చూసినా ఆకలి. ఒక మధ్యాహ్నం బడి నుంచి నా వెంట వచ్చింది. అవ్వ పందిరి కింద జొన్నరొట్టెలు కొడుతోంది. సట్టిలో గోంగూర పప్పు. ఆ వెల్లుల్లి వాసనకు శైలజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇది అతిశయోక్తి కాదు. "అవ్వా, నాకొకటి పెట్టవా?" అంది. అవ్వ సందేహించింది. "మీ ఇంట్లో ఏమన్నా అంటారు బిడ్డా." "ఎవరూ సూడరు గదా అవ్వా." పెట్టింది. ఒకటి కాదు, రెండు. పేగులు మెత్తగా ఉన్న పిల్ల రెండు జొన్నరొట్టెలు, పుల్లటి పప్పుతో తింటే ఏమవుతుంది? సాయంత్రానికి వాంతి చేసుకుంది. ఏం తిన్నావని అడిగితే "దీనమ్మవ్వ ఇంట్లో" అని మాత్రం చెప్పి ఏడ్చిందట.

మరుసటి పొద్దున మమ్మల్నందరినీ వాళ్ళ వాకిట్లోకి పిలిచారు. మల్లమ్మ అరుగుమీద కూర్చుంది. శివప్ప స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. శైలజ తలుపు పక్కన, దుప్పటి కప్పుకుని. మేము కింద మట్టిలో. అమ్మ నా రెక్క గట్టిగా పట్టుకుంది.

"బొమికలేరే ఇంట్లో ఏం పెట్టినారో ఏమో! నాలుగు తరాలుగా నీసు తగలని కడుపు అది" అంది మల్లమ్మ.

"జొన్నరొట్టె పెట్టినా, గోంగూర పప్పు పెట్టినా. నా సట్టిలో నీసు ఎప్పుడూ ల్యా" అంది అవ్వ.

"నీ సట్టిలో నీసు లేదంటే నమ్మాల్నా?"

"బిడ్డనే అడుగు మల్లమ్మక్కా. తిన్నిది తానే గదా."

అందరం శైలజ వైపు చూశాం. ఒక్క మాట చాలు, "రొట్టె" అంటే చాలు. శైలజ వాళ్ళవ్వ మొహం చూసింది, వాళ్ళ నాయన మొహం చూసింది, తల దించుకుంది. ఏమీ మాట్లాడలేదు.

శివప్ప చెడ్డవాడు కాదు. గొడవ తొందరగా తేలిపోతే చాలనుకున్నాడు. "చూడు దీనమ్మా, 'తెలీక నీసు పెట్టినాను, తప్పయింది' అని ఒక్క మాట అను. మేము చేసుకునే శాంతి ఏదో మేము చేసుకుంటాం. అయిపాయ. లేదంటే అయ్యవారూ, ఈ నెల దాటినాక ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తాది" అన్నాడు. క్రైస్తవులమని తెలిసి ఆళ్ళగడ్డలో మాకు ఇల్లిచ్చింది శివప్ప ఒక్కడే. "అమ్మా, అనెయ్యిమ్మా. ఒక్క మాటే గదా" అన్నాడు నాయన. ఆ బతిమాలే గొంతు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. మా నాయనమీద నాకు కోపం వచ్చిన మొదటిసారి అదే.

అవ్వ కొంగు నడుముకు దోపుకుంది. "జరం పడి లేసిన బిడ్డకు రొట్టె పెట్టింది తప్పే. పెట్టకుండా ఉండాల్సింది. ఆ తప్పు నాదే, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. నీసు పెట్టినా అని మాత్రం అనను. పెట్టల్యా. పెట్టంది పెట్టినా అని ఎట్లా అంటా? ఇల్లు నీది శివప్పా, తీసుకో. సట్టి నాది."

అప్పుడు మల్లమ్మ ఒక మాట అంది. "సావు బొమికలు ముట్టిన చేతికి అంత పొగరా!" అని. నాలో ఏదో తెగింది. అమ్మ చెయ్యి విదిలించుకుని అరుగు దగ్గరికి పోయాను. "ఆ బొమికలే మీ శైలజ మింగుతాండాది! మీ గొట్టం మాత్రకు పైన తొడుగు బొమికల జిగురు! మీ కోవా మీద వెండి రేకు ఎద్దు పేగుల్లో పెట్టి కొట్టింది! మీ కొట్టంలో సచ్చిన కుంటెద్దు బొమికలు గూడా మా అవ్వే ఏరి నంద్యాలకు పంపింది!" "ఏందీ?" అంది మల్లమ్మ. "వేన్నీళ్ళు తెప్పించు, సూపిస్తా" అన్నాను. శివప్పకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. నీళ్ళు తెప్పించాడు. మాత్ర తెప్పించి తనే విప్పి, తొడుగును గ్లాసులో వేశాడు. అది వంకర తిరిగింది, మెత్తబడింది, జిగటగా అయ్యింది. ఆయన వేలు పెట్టి చూసి, చటుక్కున తీసి పంచెకు తుడుచుకున్నాడు. మల్లమ్మ లేచి, మాత్రల సీసా లాక్కుని పేడదిబ్బ మీదికి విసిరేసింది.

నేను గెలిచాననుకున్నాను. వెనక్కి తిరగ్గానే అవ్వ చెయ్యి నా చెంపమీద పడింది. అవ్వ నన్ను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. "మందు పారేపిస్తివి గదే! బిడ్డకు మళ్ళా జరం తిరగబెడ్తే?" అని, గబగబా దిబ్బమీదికి పోయి, సీసా ఏరి, కొంగుతో తుడిచి తెచ్చింది. వాకిట్లో నిలబడి, ఒక మాత్ర తీసి, రెండు చేతుల వేళ్ళతో మెల్లగా మెలితిప్పింది. "ఇట్ల సూడు మల్లమ్మక్కా. పైన పొట్టు పారెయ్. లోపల పొడి మందే, దాంట్లో ఏ బొమికా ల్యా. తేనెలో కలిపి నాకించు. సేదుంటాది, ఏడుస్తాది. మానొద్దు."  "ఆ మెట్టుమీద పెట్టు" అంది మల్లమ్మ. అవ్వ పెట్టింది. మల్లమ్మ చెంబుతో సీసామీద నీళ్ళు చల్లి, అప్పుడు తీసుకుంది. అదీ వాళ్ళ మర్యాద.

మాటైతే ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశాం. నాయన తిప్పలు పడి నంద్యాలకు బదిలీ చేయించుకున్నాడు. సామాను లారీలో పోయింది. అవ్వ మాత్రం రాతిసట్టిని ఎవరినీ ముట్టనివ్వక, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నంద్యాలలో ఆమెకు ఎముకలు దొరికే పొలాలు లేవు, రెండేళ్ళకు మంచంలో పడింది. పోయేముందు వరకూ ఆమె అడిగింది ఒక్కటే. "ఆ బిడ్డ ఎందుకు చెప్పల్యా మ్మే?" ఇల్లు పోయిందని ఆమె ఏనాడూ బాధపడలేదు. తన సట్టిమీద పడిన ఆ అబద్ధం అట్లాగే ఉండిపోయిందని బాధపడింది.

ఇప్పుడు ప్రతి పొట్లంమీదా ఆకుపచ్చ చుక్క వేస్తున్నారు. నా మనవరాలు చాక్లెట్ కొన్నా ఆ చుక్క వెతుకుతుంది. మంచిదే. ఏం తింటున్నామో తెలియడం మంచిదే కదా. కానీ మనుషులకు వేసే చుక్క అట్లాగే ఉంది. ఈ ఫ్లాటుకు ముందు నంద్యాలలోనే ఒక ఇల్లు చూడబోయాను. బయట "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు. ఇంటాయన నా పేరు అడిగి, "మీరు నాన్‌వెజ్ తింటారు కదా మేడమ్" అన్నాడు. "మీరు గొట్టం మాత్రలు మింగుతారా సార్?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాను, వెండి రేకుతో సహా. అవ్వ ఉంటే ఇంకో చెంపదెబ్బ వేసేది. ఆమె నియమం ఆమెది. నేను మటుకు అడిగిన వాళ్ళకూ, అడగని వాళ్ళకూ చెప్తూనే ఉంటాను.

ఆ రోజు శైలజకు భోజనం పెట్టాను. కావాలనే రాతిసట్టి దించి, గోంగూర పప్పు చేసి, వెల్లుల్లి కాల్చి వేశాను. జొన్నరొట్టె తుంచి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె ఆగిపోయింది. సట్టి వైపు చూసింది. "ఇదే గదా సలోమీ?" అంది. ఇదేనన్నాను. తల ఎత్తకుండానే, "ఆ పొద్దు నేను తిన్నిది రొట్టె, పప్పే. నీసు ల్యా. నాకు తెలుసు. భయపడి చెప్పల్యా" అంది.

ఎదురుచూసిన మాటే. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాటకు. అయినా విన్నాక నాకు చాల్లేదు. "నాకెందుకు చెప్తాండావ్? నాకు తెలుసు గదా. తెలీని వాళ్ళకు చెప్పు" అన్నాను. ఆళ్ళగడ్డ ఇంట్లో ఇప్పుడు శైలజ తమ్ముడు ఉంటున్నాడు. ఫోను తీసి ఆమె ముందు పెట్టాను. "ఇప్పుడా?" అంది. "ఇప్పుడే. గట్టిగా చెప్పు, నేను వినాల." ఆమె ఎడమ చేత్తో నంబరు నొక్కింది. ఆ పక్క టీవీ మోగుతోంది. "రేయ్, టీవీ ఆపు. దీనమ్మ నాకు నీసు పెట్టిందని మన ఇంట్లో ఇప్పటికీ అంటాంటారు గదా. అది అబద్ధం. రొట్టె పెట్టింది. నేనే నోరు తెరవల్యా. నీ పిల్లోళ్ళకు గూడా చెప్పు" అంది. "ఎప్పటిదో మాట, ఇప్పుడెందుకక్కా" అన్నాడు తమ్ముడు. "ఇప్పుడే చెప్తాండా, వినుకో" అంది శైలజ. "సరేలే, చెప్తా" అన్నాడు.

ఒక్క సరేలే. అంతే వచ్చింది మా అవ్వకు. నేను దాన్ని తీసుకున్నాను. శైలజ ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంటుంటే, ఆమె కంచంలో ఇంకో రొట్టె వేసి, సట్టి వంచి పప్పు వడ్డించాను. ఈసారి ఆమెకు పత్యమేమీ లేదు.